కొడిశపాలా, పసుపా, ఇసబ్‌గోలా? పేగుపూతకు ఏది మేలు

నాకు పెద్దపేగు పూత, అంటే అల్సరేటివ్ కొలైటిస్, ఉందని తెలిసిన దగ్గర నుంచి వారం తిరగకుండా ఎవరో ఒకరు అదే ప్రశ్న వేస్తున్నారు. కొడిశపాల మంచిదా, పసుపు మాత్రలా, మారేడు లేహ్యమా, ఇసబ్‌గోల్ సరిపోతుందా? ఒక్కొక్కరికి విడిగా జవాబు రాసి విసిగిపోయి, ఒకేచోట రాస్తున్నాను. వైద్యుణ్ణి కాను; తొమ్మిదేళ్లుగా మద్రాసులో ఈ జబ్బుతో కాపురం చేస్తున్నవాణ్ణి, అంతే.

నెత్తురు పడుతున్నవారికి, నిద్రలోంచి లేచి పరుగెత్తాల్సి వస్తున్నవారికి, కారణం లేకుండా బరువు తగ్గుతున్నవారికి ఈ పోలిక పనికిరాదు. ముందు కొలనోస్కోపీ, అంటే గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించుకోండి. మన దేశంలో పేగు క్షయ అచ్చం క్రోన్స్ వ్యాధిలా (పూతకు దగ్గరి చుట్టమైన మరో పేగు వాపు జబ్బు) కనిపిస్తుంది, అమీబా విరేచనాలు పూతలా కనిపిస్తాయి. జబ్బు పేరు తేలకముందు ఏ చెక్క కషాయం కాచినా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

అందరూ ముందు అడిగేది కొడిశపాల గురించి. ఆయుర్వేదంలో కుటజం అంటారు. అతిసారం, గ్రహణి (మానకుండా సాగే విరేచనాల జబ్బు) అనగానే మొదట వినిపించే పేరు అదే. నేను చెక్క కొనడానికి మైలాపూరులో ఒక నాట్టు మరుందు కడైకి, అంటే నాటు మందుల కొట్టుకు, వెళ్లాను. తెలుగు పేరు చెబితే కొట్టాయన అటక వైపు చూసి, "వెట్పాలైయా, కుడసప్పాలైయా?" అని ఎదురు ప్రశ్న వేశాడు. రెండూ ఒకటే కదా అని తలూపి ఉంటే వేరే చెట్టు చెక్క ఇంటికి వచ్చేది. వెట్పాలై మన అంకుడు, ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్ర. దాని ఆకులు వేసి ఎండలో పెట్టిన ఊదారంగు నూనెను ఇక్కడ చర్మానికి పూస్తారు. కుడసప్పాలైయే మన కొడిశపాల. తెలుగులో కూడా 'పాలకొడిశ' అనే మాటను రెండు చెట్లకూ వాడేస్తారు, అందుకే ఈ తికమక. గింజలైతే కొరికి చూడవచ్చు: కొడిశపాల గింజ చేదు, అంకుడు గింజకు ఆ చేదు ఉండదు. పొడి కొంటే మాత్రం అందులో ఏది ఎంత కలిసిందో నాలుకకు తెలియదు.

ఈ గొడవంతా ఎందుకని కుటజారిష్టానికి మారాను. కొడిశపాల చెక్క, ద్రాక్ష, ఇప్పపువ్వు, గుమ్మడి టేకు, ధాతకీ పువ్వు, బెల్లం కలిపి పులియబెట్టినది. పులియడంలో పుట్టిన ఆల్కహాలు అందులో ఉంటుంది కాబట్టి అమీబా విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్ మాత్రలు వాడుతున్నవారు దాని జోలికి పోకూడదు. భోజనం తరువాత అంతే నీళ్లు కలుపుకుని తాగేవాణ్ణి. పనిచేసింది. రోజుకు ఏడెనిమిది సార్లు వెళ్లేవాణ్ణి పది రోజుల్లో మూడుకు వచ్చాను. ఆ సంబరంలో, పేగు వాపు తగ్గడానికి డాక్టరు రాసిన మెసలమైన్ మాత్రలు మొదట ఒక పూట మరచిపోయాను, తరువాత రెండు పూటలా మరచిపోయాను. మరచిపోయాను అనడం కేవలం మర్యాద కోసం. మూడో నెలలో మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయిస్తే 1,140 వచ్చింది. మామూలుగా 50 లోపు ఉండాలి, 250 దాటితే పేగులో వాపు రగులుతున్నట్టు లెక్క. హిమోగ్లోబిన్ 9కి దిగింది. పైకి అంతా కట్టుకున్నట్టే ఉంది, లోపల పుండు మాత్రం అలాగే ఉంది.

ఏది మేలు అన్న ప్రశ్నను తేల్చేది నా లెక్కలో ఇదొక్కటే: ఆ మందు విరేచనాన్ని కడుతోందా, పుండును మానుస్తోందా? పూర్వం పల్లెల్లో బంక విరేచనాలకు రవ్వంత నల్లమందు పెట్టేవారు, ఇప్పుడు లోపరమైడ్ మాత్ర వచ్చింది. రెండూ పేగు కదలికను మందగింపజేసేవే. పూత ఉధృతంగా ఉన్నప్పుడు పేగును అలా బిగిస్తే అది ఉబ్బిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కొడిశపాలకు పేరు వచ్చిన దారి వేరు. అందులోని కొనెసిన్ అమీబా మీద పనిచేస్తుంది. కుర్చి అనే పేరుతో ఇంగ్లీషు వైద్యులు కూడా ఒకప్పుడు జిగట విరేచనాలకు వాడారు. మన ముత్తాతల రక్తాతిసారాల్లో చాలావరకు క్రిముల వల్ల వచ్చినవే అయి ఉంటాయి, వాటికి ఆ చెక్క దివ్యంగా పనిచేసి ఉంటుంది. పేగుపూతలో చంపాల్సిన క్రిమి లేదు, మన ఒంటి రక్షణ వ్యవస్థే మన పేగును కొరుకుతోంది.

పసుపు దగ్గర కొన్ని అంకెలున్నాయి, నా మొగ్గు కూడా అటే. 2006లో జపాన్‌లో జబ్బు అణగి ఉన్న 89 మందిని తీసుకుని, మామూలు మాత్రలు ఆపకుండానే కొందరికి రోజుకు 2 గ్రాముల కర్క్యుమిన్, అంటే పసుపులోని అసలు సారం, ఇచ్చారు. ఆరు నెలల్లో కర్క్యుమిన్ తీసుకున్న 43 మందిలో ఇద్దరికి తిరగబెడితే, తీసుకోని 39 మందిలో ఎనిమిది మందికి తిరగబెట్టింది. 2015లో వచ్చిన మరో పరీక్షలో, మెసలమైన్ ఒక్కదానికి లొంగనివారికి 3 గ్రాములు జోడిస్తే నెల తిరిగేసరికి సగానికి పైగా తేరుకున్నారు. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు మాత్రం రోజుకు 450 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు, 2017లో ఫలితం చెప్పారు: తేడా లేదు.

అంటే మోతాదు దగ్గరే ఉంది కీలకం. వంటింటి పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్లు. రెండు గ్రాములు కావాలంటే దాదాపు 67 గ్రాముల పసుపు, అంటే ఇరవై చెంచాలు మింగాలి. రోజూ పడుకునే ముందు పసుపు పాలు తాగమని పోరే మా పిన్నికి ఈ లెక్క చెప్పాను. "పాలలో మరిగిస్తే బలం వస్తుంది కదరా" అంది. మరిగించినంత మాత్రాన చెంచా ఇరవై చెంచాలు కాదు పిన్నీ అన్నాను. పైగా పూత ఉన్నవారిలో చాలామందికి పాలే పడవు. మాత్రల్లోనూ ఒక చిక్కుంది. ఒంటికి ఎక్కువ పట్టాలని మిరియాల సారం కలిపి అమ్ముతున్నారు. 2019లో ఇటలీలో పసుపు మాత్రలు వాడినవారికి కాలేయం వాచిన కేసులు వరసగా బయటపడ్డాయి. అందుకే నేను మిరియం కలపనివే కొంటాను, మూడు నెలలకోసారి కాలేయ పరీక్ష చేయిస్తాను. అజాథయోప్రిన్ (ఒంటి రక్షణ వ్యవస్థను అణచే మందు) వాడుతున్నవారు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టవద్దు.

ఇసబ్‌గోల్‌ను ఎవరూ మూలికగా లెక్కపెట్టరు, మలబద్ధకం మందనే చూస్తారు. 1999లో స్పెయిన్‌లో పూత అణగి ఉన్న 105 మందిని ఏడాదిపాటు గమనించారు. ఇసబ్‌గోల్ గింజలు పూటకు 10 గ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు తీసుకున్నవారిలో 40 శాతానికి, మెసలమైన్ వాడినవారిలో 35 శాతానికి, రెండూ వాడినవారిలో 30 శాతానికి తిరగబెట్టింది. అక్కడ ఇచ్చిన మెసలమైన్ రోజుకు ఒకటిన్నర గ్రాములే, అది గుర్తుంచుకుని ఈ అంకెలు చదవాలి. అయినా ఇంత చవకైన వస్తువుకు ఇది తక్కువేమీ కాదు. క్రోన్స్ వల్ల పేగు సన్నబడి ఉన్నవారు మాత్రం ముట్టకూడదు. అది నీటిలో ఉబ్బి ఆ ఇరుకులోనే అడ్డుపడుతుంది.

మిగతావి క్లుప్తంగా. మారేడు పిందె కడుతుంది, పండు జారుస్తుంది. ఏది కొంటున్నారో చూసుకోండి. కలబంద గుజ్జుకు 2004లో బ్రిటన్‌లో 44 మంది మీద చేసిన చిన్న పరీక్షలో కాస్త మంచి ఫలితమే వచ్చింది, కానీ తొక్క కింద కారే పసుపుపచ్చని పాలు విరేచనకారి. అందుగ బంక, అంటే సల్లకి, పూతకు మన దేశపు చిన్న పరీక్షలో బాగుందన్నారు; క్రోన్స్‌కు 2011లో జర్మనీలో చూస్తే మందు లేని ఉత్త మాత్ర కన్నా మెరుగని తేలలేదు. మెరీనా దగ్గర పొద్దున్నే నడకవాళ్లు తాగే గోధుమ గడ్డి రసం మీద ఉన్నది 23 మందితో చేసిన ఒకే పరీక్ష, దాని మీద నాకు అభిప్రాయం లేదు.

గ్రహణికి పంచామృత పర్పటి అనే ఆయుర్వేద మందు ఇస్తారు. అందులో పాదరసం, గంధకం, ఇనుము, అభ్రకం, రాగి ఉంటాయి. శుద్ధి చేస్తారన్న మాట నిజమే, అయినా నేను మింగను. భస్మాల్లో సీసం ఉంటే అదీ మెలిపెట్టే కడుపునొప్పినే తెస్తుంది, అప్పుడు నొప్పి జబ్బుదో మందుదో తేల్చడం ఎవరి తరం? ఇలాంటి లోహాల మందులే కావాలంటే తాంబరం శానటోరియంలోని జాతీయ సిద్ధ వైద్య సంస్థ లాంటి చోటికి వెళ్లండి. రాసి ఇచ్చిన చీటీ ఉంటే దాన్ని మీ పేగు డాక్టరుకు చూపించవచ్చు.

వాపు లేకుండా ఉత్త నొప్పి, గ్యాసు, ఉబ్బరం ఉన్నవారి సంగతి వేరు. వాము, హింగ్వాష్టక చూర్ణం వారికి నిక్షేపంగా పనికొస్తాయి. పుదీనా నూనె గొట్టం మాత్రలు పేగు కండరాన్ని సడలిస్తాయి, నులినొప్పికి నేను చూసినవాటిలో అదే మేలు.

ఇప్పుడు నా అలమరలో మెసలమైన్, కర్క్యుమిన్, ఇసబ్‌గోల్ డబ్బా ఉన్నాయి. వచ్చే నెల మళ్లీ కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష. పసుపు మొదలుపెట్టాక రెండుసార్లు చేయిస్తే రెండుసార్లూ 80 దాటలేదు. అందులో పసుపు వాటా ఎంత, పూట తప్పకుండా వేసుకుంటున్న మెసలమైన్ వాటా ఎంత అని మా డాక్టరును అడిగితే నవ్వి, తరువాతి రోగిని పిలిచారు.