హాలోవీన్ పార్టీకి వేళ్ళా, దెయ్యాలా, కనుగుడ్లా: ఏది మేలు?

అక్టోబర్ రెండో వారం దాటిందంటే చాలు, ఒకటే ప్రశ్న. "ఇంట్లో హాలోవీన్ పార్టీ పెట్టుకున్నామండీ, స్వీటు మాత్రం సొంతంగా చేద్దామనుకుంటున్నా, చూడగానే పిల్లలు జడుసుకోవాలి, ఏది చేయమంటారు?" అడిగేవాళ్ళు మారుతున్నారు గానీ ప్రశ్న మారడం లేదు. ఈసారి న్యూజెర్సీలో మా ఇంట్లోనూ పార్టీ పెట్టుకున్నాం కాబట్టి నాకూ ఇది తేల్చుకోక తప్పలేదు. వడపోతలు అయ్యాక మిగిలినవి మూడు: బిస్కెట్ పిండితో చేసే మంత్రగత్తె వేళ్ళు, గుడ్డు తెల్లసొనతో చేసే మెరింగ్ దెయ్యాలు, రసగుల్లాలతో చేసే కనుగుడ్లు.

ఒక మాట ముందే చెప్పాలి. ఇదంతా మనం పిలిచిన చుట్టాలు, స్నేహితుల కోసం. ట్రిక్ ఆర్ ట్రీట్ అంటూ తలుపు కొట్టే పిల్లల సంచుల్లో ఇంట్లో చేసినవి వేయకండి. ఎంత కష్టపడి చేసినా సరే, ప్యాకెట్ సీలు లేనిదాన్ని వాళ్ళ అమ్మానాన్నలు ఇంటికెళ్ళగానే తీసి పారేస్తారు. క్లాసు పార్టీకి కూడా చాలా స్కూళ్ళు కొన్నవే పంపమంటాయి.

రుచి, రూపం, ఖర్చు అన్నీ చూడాల్సినవే. నేను మాత్రం అన్నిటికంటే ముందు చూసేది ఒకటి: ముందు రోజు రాత్రి చేసి పక్కన పెడితే, మర్నాడు సాయంత్రం పార్టీ అయ్యేదాకా అది చెక్కుచెదరకుండా ఉంటుందా? అక్టోబర్ 31 ఇక్కడ సెలవు రోజు కాదు. 2026లో శనివారం పడింది కాబట్టి కాస్త నయం, లేదంటే చాలా ఏళ్ళు పనిరోజే. మీటింగుల్లోంచి లేచి, ఒకడికి రెక్కలు పిన్ను పెట్టి, ఇంకొకడి మొహానికి రంగు పూసి, గుమ్మంలో గుమ్మడికాయ దీపం వెలిగించేసరికి నాలుగు మెట్లు ఎక్కే ఓపిక ఉండదు. అప్పుడు కూర్చుని దెయ్యాలకు కళ్ళు దిద్దమంటే ఎవరి వల్లా కాదు. పైగా పాలు, క్రీము ఉన్న తడి పదార్థాల్ని ఫ్రిజ్ బయట 2 గంటలకు మించి ఉంచొద్దని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. మన పార్టీలు 2 గంటల్లో ముగిసేవి కావు, అందరికీ తెలిసిందే. ఈ లెక్కలో రసగుల్లా, పుడ్డింగు, క్రీము కేకులు ఇరుక్కుంటాయి. ఎండిన బిస్కెట్, మెరింగ్ బయటపడతాయి.

ముందు దెయ్యాల సంగతి. చూపుకి వీటిని మించినవి లేవు, ఒప్పుకోవాల్సిందే. తెల్లగా, తేలిగ్గా, పైన చిన్న తోకతో, రెండు నల్లటి చుక్కల కళ్ళతో పళ్ళెం నిండా నిలబడితే పెద్దవాళ్ళు కూడా ఫోన్లు తీస్తారు. ఖర్చూ తక్కువే. 3 గుడ్ల తెల్లసొన, అది సుమారు 100 గ్రాములు; 150 నుంచి 200 గ్రాముల పంచదార; చిటికెడు క్రీమ్ ఆఫ్ టార్టార్, లేదంటే కొద్దిగా నిమ్మరసం. గిన్నెలో పచ్చసొన బొట్టు గానీ, జిడ్డు గానీ ఉంటే నురగ లేవదని మీకు తెలిసిందే. 200 డిగ్రీల ఫారన్‌హీట్‌లో గంటన్నర ఉంచి, ఓవెన్ ఆపేశాక కూడా తలుపు తీయకుండా అందులోనే చల్లారనివ్వాలి. అది బేకింగ్ అనేకంటే ఆరబెట్టడం అనడమే సరి.

చిక్కంతా ఆ ఆరడంలోనే ఉంది. మెరింగ్‌లో బరువు ప్రకారం పంచదారే ఎక్కువ, పంచదార గాల్లో తేమను లాగేసుకుంటుంది. మా వైపు అక్టోబర్ చివరికి ఇళ్ళలో హీటర్లు మొదలవుతాయి, గాలి పొడిగా ఉంటుంది. గాలి చొరని డబ్బాలో పెడితే దెయ్యాలు రోజుల తరబడి కరకరలాడతాయి. అదే గాల్లో తేమ ఎక్కువుండే హ్యూస్టన్‌లోనో టాంపాలోనో ఉన్నవాళ్ళు రాత్రి చేసి పొద్దున మూత తీసి చూస్తే వేలికి అంటుకుంటాయి, అడుగున పాకం కారుతుంది. మా ఊళ్ళోనూ ముసురు పట్టిన రోజున ఇదే కథ. ఫ్రిజ్‌లో పెడితే ఆగుతాయేమో అని కొందరు అడుగుతారు. అక్కడ ఇంకా త్వరగా చెమ్మగిల్లుతాయి. బల్ల మీద పెట్టి కిటికీ తెరిచినా, పక్కన వేడివేడి పప్పుచారు గిన్నె పెట్టినా వీటికి గండమే. అంటే దెయ్యాలు చేయాలంటే ముందు వాన ఉందో లేదో చూసుకోవాలి. పెళ్ళి ముహూర్తానికే వాతావరణం చూడని వాళ్ళం, స్వీటు కోసం చూస్తామా?

గుడ్డు తినని ఇళ్ళలో మరో మార్గం ఉంది: కాబూలీ శనగలు ఉడికించిన నీళ్ళు. 2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచ్ ఆయన ఈ నీళ్ళను గిలక్కొడితే గుడ్డు తెల్లసొనలా నురగ వస్తుందని చూపించాక, శాకాహారులు దీంతో మెరింగ్ చేయడం మొదలుపెట్టారు. ఒక గుడ్డు తెల్లసొనకి బదులు సుమారు 2 టేబుల్ స్పూన్లు. గిలక్కొట్టడానికి మాత్రం గుడ్డు కంటే చాలాసేపు పడుతుంది, తేమ భయం కూడా దీనికే ఎక్కువ. శనగల వాసన వస్తుందేమోనన్న అనుమానం అక్కర్లేదు, ఆరాక తెలియదు.

ఇక నా ఓటు వేళ్ళకే. ఎందుకో కాస్త విడమరిచి చెబుతాను.

ఇది మామూలు షార్ట్‌బ్రెడ్ ముద్దే. తూకం గుర్తుంచుకోవడం తేలిక: పంచదార పొడి 1 వంతు, బటర్ 2 వంతులు, మైదా 3 వంతులు. 100, 200, 300 గ్రాములు తీసుకుంటే, ఒక్కో వేలికి 20 గ్రాముల చొప్పున 30 వేళ్ళు వస్తాయి. చిటికెడు ఉప్పు, కొంచెం వనిల్లా. గుడ్డు లేదు, కాబట్టి ఎవరికీ వేరే పళ్ళెం పెట్టక్కర్లేదు. బేకింగ్ పౌడర్ అసలే వేయకండి, వేస్తే పొంగి వేళ్ళు కాస్తా వంకాయలవుతాయి. మీ చిటికెన వేలి కంటే సన్నగా చుట్టండి, ఎందుకంటే ఓవెన్‌లో ఎంతో కొంత పరుచుకుంటుంది. వేలికి రెండు చోట్ల కణుపులు రావాలి: ఆ రెండు చోట్లా అటూ ఇటూ కొద్దిగా నొక్కి సన్నబరిచి, చాకు వీపుతో మూడేసి గీతలు పెట్టండి. ఆ గీతల్లో పొడి బ్రష్‌తో కోకో పొడి కాస్త రుద్దితే వందేళ్ళ ముసలిదాని చర్మం కనిపిస్తుంది. చాలామంది ఈ పని వదిలేస్తారు, అందుకే వాళ్ళవి ఉత్త బిస్కెట్లలా ఉంటాయి.

గోరుకి బాదం పప్పు గుచ్చడం అందరూ చేసేదే. పార్టీకి వచ్చే పిల్లల్లో నట్స్ అలర్జీ ఉన్నవాళ్ళు ఉన్నారేమో ముందే కనుక్కోండి. ఉంటే పొట్టు తీసిన గుమ్మడి పలుకులు వాడండి. అవి సహజంగానే పచ్చగా ఉంటాయి, మంత్రగత్తె గోరుకి బాదం కంటే అవే నప్పుతాయి. కొనేటప్పుడు ప్యాకెట్ మీద నట్స్ హెచ్చరిక ఉందేమో చూసుకోండి. చుట్టి, గోరు గుచ్చి, ట్రేతో సహా ఓ ఇరవై నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి, 325 డిగ్రీల ఫారన్‌హీట్‌లో 20 నుంచి 25 నిమిషాలు కాల్చండి. అంచులు రంగు తిరగకముందే తీసేయాలి, ఎర్రగా కాలితే శవం వేలి కళ పోతుంది. చల్లారాక గోరు పైకి లేపి, కింద కొంచెం రాస్ప్‌బెర్రీ జామ్ పెట్టి మళ్ళీ నొక్కితే చుట్టూ రక్తం ఊరినట్టు వస్తుంది.

ఇక్కడే నా అసలు లెక్కకి ఇవి సరిపోతాయి. చుట్టిన వేళ్ళను కాల్చకుండానే ఫ్రీజర్‌లో నెల రోజులు దాచొచ్చు. కాల్చినవి డబ్బాలో వారం ఆగుతాయి. జామ్ ముందు రోజే పెట్టేసినా నష్టం లేదు. రాత్రికి పైపొర ఆరి, ముదురు రంగు తిరిగి, గడ్డకట్టిన రక్తంలా ఇంకా ఘోరంగా తయారవుతుంది. మిగతావన్నీ నిలవుంటే చెడేవి, ఇవి నిలవుంటే బాగుపడేవి. పిల్లలకి పని అప్పజెప్పడానికీ వీలు, ఎందుకంటే వంకర పోయిన వేలు ఇంకా బాగుంటుంది. మా పక్కింటి బుడ్డోడు ముందు గోరు పీకి తిని, తర్వాత రక్తం నాకి, చివరికి వేలు నాకిచ్చేశాడు.

వీటికీ ఒక లోటుంది. దూరం నుంచి చూస్తే పెద్దగా ఏమీ అనిపించదు, దగ్గరికొస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది. పళ్ళెంలో పరిచిపెడితే తేలిపోతాయి. నిలువుగా గాజు గ్లాసులో గుచ్చితే, లేదా మసిలా కనబడే కోకో పొడి మీద నేలలోంచి పైకి వస్తున్నట్టు పాతిపెడితే లోటు తీరుతుంది.

రసగుల్లా కనుగుడ్లు మన ఇళ్ళలోనే ఎక్కువగా కనబడతాయి. నాకు ఇష్టమే, అందులోనూ పెద్దవాళ్ళ పార్టీకి. లీటరు పాలు విరగ్గొట్టి, నీళ్ళు పిండి, ముద్ద నున్నగా అయ్యేదాకా మెదిపి, పల్చటి పాకంలో ఉడికిస్తే రెట్టింపు ఉబ్బుతాయి. ముద్ద చేసేటప్పుడు చిన్నగా చేయాలి, లేకపోతే ఏనుగు కళ్ళవుతాయి. చల్లారాక పైన చిన్న గుంట తీసి, సగానికి కోసిన బ్లూబెర్రీ కూర్చి, టూత్‌పిక్‌తో ఎర్ర రంగు నరాలు గీస్తే అవి మనల్నే చూస్తున్నట్టుంటాయి. అమ్మమ్మలు, తాతయ్యలు "ఇదేం పిచ్చి" అంటూనే రెండోది అడుగుతారు. 2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబర్ 31నే పడ్డాయి. అలాంటి ఏడు ఒకే గిన్నెతో రెండు పండగలూ గట్టెక్కుతాయి.

కానీ ముందు రోజు రాత్రి గీసిన నరాలు పొద్దుటికి ఉండవు. పాకం లాగేసి కన్ను మొత్తం గులాబీ రంగు తిరుగుతుంది, కళ్ళకలక వచ్చినట్టు. అంచేత రసగుల్లాలు ముందే చేసినా, గట్టిగా పిండి, తుడిచి, గీతలు గీయడం మాత్రం అతిథులు వచ్చే వేళకే. దానికి తోడు చేతులకంటిన పాకం అద్దెకు తెచ్చిన వేషాల మీదకి పోతుంది. ఫ్రిజ్ బయట 2 గంటల నియమం ఉండనే ఉంది. పది పన్నెండు మంది పెద్దవాళ్ళు, గిన్నె, చెంచా, కూర్చుని తినే పార్టీ అయితే తప్పకుండా చేయండి. పరుగులు తీసే పిల్లలుంటే వద్దు.

ఎర్ర రంగు గురించి కూడా అడుగుతున్నారు. రెడ్ 3 అనే రంగును ఆహారంలో వాడకూడదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 జనవరిలో తేల్చింది, కంపెనీలకి 2027 జనవరి దాకా గడువిచ్చింది. పాత సీసా ఇంట్లో ఉంటే లేబుల్ ఒకసారి చూసుకోండి. రసగుల్లా నరాలకి చిక్కగా మరిగించిన బీట్‌రూట్ రసం చాలు. బిస్కెట్‌లో కలిపి కాల్చడానికి మాత్రం బీట్‌రూట్ పనికిరాదు, వేడికి గోధుమరంగు తిరుగుతుంది.

మిగతావి క్లుప్తంగా. ఓరియో పొడి, చాక్లెట్ పుడ్డింగు, పైన గమ్మీ పురుగులు వేసే మట్టి కప్పులు పిల్లలకి ప్రాణం. అయితే ఆ పురుగుల్లో చాలావాటిలో జెలటిన్ ఉంటుంది, అంటే జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసినది. శాకాహారులు వస్తుంటే పళ్ళ నుంచి తీసే పెక్టిన్‌తో చేసినవి వెతికి కొనండి. చైనా గ్రాస్‌తో ఇంట్లోనే పురుగులు పోద్దామంటే స్ట్రాలోంచి బయటికి తీసేలోపే విరుగుతాయి, సాగవు. పైన చల్లిన పొడి రాత్రికి మెత్తబడుతుంది కాబట్టి అది చివర్లోనే చల్లాలి. మార్ష్‌మెలోతో చేసే రైస్ క్రిస్పీ రాక్షసులకీ ఇదే జెలటిన్ గొడవ. కొనే చక్కెర కళ్ళ మీద మెరుపుకి తరచూ లక్క పూత ఉంటుంది, అది పురుగుల నుంచి వచ్చేది, పట్టింపు ఉన్నవాళ్ళు చూసుకోవాలి. బ్రౌనీల మీద తెల్ల ఐసింగ్ పట్టీలు గీసి, గుడ్డ చుట్టిన ఈజిప్టు శవాల్లాంటి మమ్మీలు అనడం చివరి నిమిషంలో గట్టెక్కడానికి పనికొస్తుంది, అంతే. నల్ల ఐసింగ్ కప్‌కేకులు చేసేవాళ్ళు తెల్ల ఐసింగ్‌లో సీసాడు రంగు పోయకుండా కోకో కలిపిన దానితో మొదలుపెట్టండి. ముందు రోజు కలిపి ఉంచితే రంగు దానంతటదే ముదురుతుంది. అయినా పళ్ళూ పెదాలూ నల్లబడటం ఖాయం, గ్రూప్ ఫొటో అయ్యాకే బయటికి తీయండి.