థార్ అడుగున ఏముందో చూశారా?

మహీంద్రా థార్ జీపు కొనబోయే మనవాళ్లు షోరూంలో ముందుగా చేసేది తలుపు ధడేల్మని వేసి చప్పుడు వినడం. తర్వాత బానెట్ మీద చరిచి, "రేకు గట్టిదే అన్నా" అంటారు. గుద్దుకున్నప్పుడు మనిషిని కాపాడేది ఆ రేకు కాదు. ఏళ్ల తరబడి ఈ బండిని బెంగళూరు మారతహళ్లి ట్రాఫిక్‌లో, హిందూపురం దారిలో, కోలారు వైపు రాళ్లలో నడిపాక ఈ మాట గట్టిగా చెప్పగలను.

నాది 2020 అక్టోబరులో వచ్చిన రెండో తరం మూడు తలుపుల డీజిల్. ఇంజను 130 పీఎస్, నేల నుంచి ఎత్తు 226 మి.మీ. ఈ సంగతులు అందరూ రాసేవే, వదిలేద్దాం.

లిఫ్ట్ మీద పెట్టించి కింద నిలబడి చూడండి. ముందు నుంచి వెనక దాకా రెండు ఉక్కు దూలాలు, మధ్యలో అడ్డ పట్టీలు, వాటి మీద కుదుపు ఆపే రబ్బరు బుష్‌లు, ఆ పైన బాడీ. రాళ్ల మీద బండి మెలి తిరిగినా ఈ లాడర్ ఫ్రేమ్ తట్టుకుంటుంది. కానీ ఎదురుగా గుద్దుకున్నప్పుడు అదే గట్టిదనం చిక్కు తెస్తుంది. దూలం ముందు కొస సరైన తీరులో నలిగి ఆ దెబ్బను మింగాలి. అది నలగకపోతే కుదుపంతా లోపలి మనిషికే తగులుతుంది. ఆ నలిగే తీరు కంటికి కనిపించదు, క్రాష్ టెస్టులోనే తేలుతుంది. జీప్ రాంగ్లర్ అంతటి బండికి 2018లో యూరో ఎన్‌క్యాప్ (యూరప్‌లో కార్లను గుద్దించి భద్రత చూసే సంస్థ) ఐదింటికి 1 నక్షత్రమే ఇచ్చింది. అడవిలో మొండిగా తిరిగే బండి రోడ్డు మీద భద్రమైనదై తీరాలని లేదు.

థార్‌కు 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పెద్దలకు 4, పిల్లలకు 4 నక్షత్రాలు ఇచ్చింది. అది 64 కి.మీ. వేగంతో, బండి ముందు భాగంలో 40 శాతం మాత్రమే తగిలేలా చేసిన పరీక్ష. 2024లో ఐదు తలుపుల థార్ రాక్స్‌కు భారత్ ఎన్‌క్యాప్ 5 నక్షత్రాలు, పెద్దల భద్రతలో 32కి 31.09 మార్కులు ఇచ్చింది. దానికి 6 ఎయిర్‌బ్యాగులు అన్ని మోడళ్లలోనూ ఉన్నాయి. ఇంట్లో పిల్లలో, మోకాళ్ల నొప్పుల అమ్మానాన్నలో ఉంటే నాలాంటి మూడు తలుపుల బండి వద్దు, రాక్స్ చూడండి.

ఇంత చేసిన ఇంజనీర్ల పనిని పాడుచేసేది మనమే. జేసీ రోడ్డులో ఒక దుకాణంవాడు బంపర్ ముందు బుల్‌బార్ బిగించుకోమని వెంటపడ్డాడు. ఆ ఇనుప కమ్మీని నేరుగా ఫ్రేమ్‌కు బిగిస్తే దెబ్బ ఫ్రేమ్‌కు చేరే తీరు మారుతుంది, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ లెక్క తప్పవచ్చు, పాదచారి కాళ్లు విరుగుతాయి. కేంద్రం 2017 డిసెంబరులోనే వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. అయినా అవుటర్ రింగ్ రోడ్డు మీద రోజూ కనిపిస్తూనే ఉన్నాయి, చూస్తే ఒళ్లు మండుతుంది. పైకప్పు మీద మోపెడు సామాను కట్టడమూ అంతే. ఎత్తైన బండికి పైన బరువు పెరిగేకొద్దీ బోల్తా పడే ప్రమాదం పెరుగుతుంది.

సీటుబెల్టును మాత్రం ఎవరూ పట్టించుకోరు. బురదలో తిరిగొచ్చాక పూర్తిగా బయటికి లాగి చూడండి, అంచుల్లో ఎర్రమట్టి గీతలు కడుతుంది. ఇసుక చేరితే బెల్టు నెమ్మదిగా లోపలికి వెళ్తుంది, భుజం మీద వదులుగా ఉండిపోతుంది. నేను తేలికపాటి సబ్బునీళ్లతో గుడ్డ తడిపి తుడిచి, నీడలో ఆరబెడతాను. ఫ్రేమ్ రంధ్రాల్లోకీ నీళ్లు కొట్టించాలి. పైన బండి తళతళలాడుతున్నా లోపలి నుంచి ఎర్రనీళ్లు చాలాసేపు కారుతూనే ఉంటాయి. ఆ మట్టి తడిగా ఉండిపోతే తుప్పు లోపలి నుంచే మొదలవుతుంది.

ఒకసారి ఓ గ్యారేజీలో సస్పెన్షన్ పని చేయించాను. బోల్టు సరిగా బిగించాక దాని తల మీంచి పక్కనున్న బ్రాకెట్ మీదకి ఒకే రంగు గీత గీస్తారు. తర్వాత కింద చూస్తే ఒక బోల్టు తల మీది గీత, బ్రాకెట్ మీది గీత కలవడం లేదు. విప్పి, మళ్లీ సరిగా బిగించలేదన్నమాట. ఎంత బిగువో కొలిచి బిగించే టార్క్ రెంచ్ తెప్పించి నా ముందే బిగించమన్నాను, కొత్త గీత గీయించాను. అప్పటి నుంచి బండి లిఫ్ట్ మీద ఉండగానే టార్చి వేసి ఒక్కో గీతా చూసుకుంటాను, ఆ తర్వాతే బిల్లు కడతాను.