ఆమదాలవలస స్టేషన్ నుంచి శ్రీకాకుళానికి షేర్ ఆటో: అయిదుకి మూడు స్టార్లు

రైలు టికెట్ మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది గానీ దిగేది ఆమదాలవలసలో. ఊళ్లోకి ఇంకా 13 కిలోమీటర్ల దాకా ఉంది. కొత్తవాళ్లు ఇక్కడే కంగారు పడతారు. అంత అక్కర్లేదు, గేటు దాటేలోపే "శ్రీకాకుళం, శ్రీకాకుళం" అని ఆటోవాళ్లే పిలుస్తారు.

ఒక స్టార్ ఆ పిలుపుకే. ఇంకొకటి, అడగకుండానే మా అమ్మ సంచీ అందుకుని సీటు కింద సర్దినందుకు. మూడోది, అరసవల్లి వెళ్లాలంటే ఎక్కడ దిగాలో ఓపిగ్గా చెప్పినందుకు.

తగ్గించిన రెండూ కూర్చునే తీరుకి. వెనక సీటుకి ఎదురుగా చెక్క వేసి ముగ్గురిని కుదిస్తారు, డ్రైవర్‌కి అటొకరు ఇటొకరు. "ఇంకొక్కళ్లే, సర్దుకోండమ్మా" అంటూనే ఉంటారు. గుంట వస్తే తల పైన రాడ్‌కి తగలాల్సిందే. ఆటో నిండకపోతే డీజిల్ ఖర్చు గిట్టదంటారు, అదీ నిజమే. అందుకే తప్పంతా వాళ్ల మీద వేయలేను.

నన్నడిగితే రోడ్డు వెడల్పు చేసేకంటే ముందు రైలు వేళలకి కలిసే చిన్న బస్సులు కావాలి. నలభై మంది ఒక బస్సులో వెళ్తే అయిదారు ఆటోలు రోడ్డు మీద తగ్గుతాయి, పొగా తగ్గుతుంది. మిగిలిన ఆటోలు కరెంటువైతే స్టేషన్ దగ్గరే చార్జింగ్ పెట్టొచ్చు, రైలు కోసం ఎలాగూ ఆగుతాయి కదా.

పెద్ద సూట్‌కేస్ ఉంటే మాత్రం మొత్తం ఆటో మాట్లాడుకోండి. రేటు ఎక్కకముందే తేల్చుకోవాలి.