థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్: మొదటి ఆల్బమ్ మేలా, రెండోదా?

టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో 1965 చివర్లో పుట్టి, 1969 కల్లా చెదిరిపోయిన సైకెడెలిక్ రాక్ (మత్తులో కలిగే భ్రమల్లాంటి అనుభూతిని తెచ్చే రాక్ సంగీతం) బృందం థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్. స్టూడియోలో చేసిన ఆల్బమ్‌లు మూడే. కొత్తగా వినేవాళ్లకు చాలామంది 1966 నాటి మొదటి ఆల్బమే చెబుతారు. నా ఓటు మాత్రం 1967లో వచ్చిన రెండోదానికి, ‘ఈస్టర్ ఎవ్రీవేర్’కే.

మొదటిదానికి ప్రాణం ‘యూ ఆర్ గొన్నా మిస్ మీ’. గాయకుడు రాకీ ఎరిక్సన్ అంతకుముందే స్పేడ్స్ అనే బృందంతో పాడిన తన సొంత పాట అది. రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది గానీ, అతని కేక చెవుల్లోంచి ఒక పట్టాన పోదు. అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్‌లో 55వ స్థానం దాకా వెళ్లింది. అంతకు మించిన హిట్ వాళ్లకు మళ్లీ దక్కలేదు.

ఆ పాట వెనక గుడగుడలాడే శబ్దం బృందంలోని టామీ హాల్ కూజాది. మన ఘటంలా వేళ్లతో వాయించేది కాదు. కూజా మూతి దగ్గర మైకు పెట్టుకుని, గొంతుతోనే గబగబా పలుకుతుంటే అది లోపల మోగి బయటికొస్తుంది. ఒక పాటకు అద్భుతంగా ఉంటుంది. ఆల్బమ్ పొడవునా అదే హోరు కావడంతో, స్టేసీ సదర్లాండ్ గిటార్ దానికింద నలిగిపోయిందని నాకు బాధ. రికార్డింగ్ కూడా మసకమసకగా ఉంటుంది.

‘ఈస్టర్ ఎవ్రీవేర్’ నాటికి బాస్, డ్రమ్స్ వాయించేవాళ్లు మారారు. అయినా బృందం అంతా ఒక్క ఊపిరితో వాయించినట్టుంటుంది. మొదటి పాట ‘స్లిప్ ఇన్‌సైడ్ దిస్ హౌస్’ ఎనిమిది నిమిషాలు. ఒకే గిటార్ వరస చుట్టూ తిరుగుతూ పోతుంది. కూజా శబ్దం ఇక్కడ మీద పడదు, తాళంలో కలిసిపోతుంది. రాకీ అరవడు, జపంలా చెప్పుకుంటూ పోతాడు. హాల్ రాసిన మాటల్లో క్రైస్తవం, మన ‘మాయ’ పక్కపక్కనే వస్తాయి. అంతా అర్థం కానక్కర్లేదు, మూడోసారి వినేసరికి మనసు దానంతటదే లోపలికి పోతుంది. ఇదే ఆల్బమ్‌లో టామీ భార్య క్లెమెంటైన్ గొంతు కలిపిన ‘ఐ హ్యాడ్ టు టెల్ యూ’ ఉంది. ఆ నెమ్మదైన పాట విన్నాకే రాకీ ఎంత మంచి గాయకుడో నాకు పూర్తిగా తెలిసింది.

మొదటి ఆల్బమ్‌లో ఒక గొప్ప పాట ఉంది, రెండోదాంట్లో ఒక గొప్ప బృందం ఉంది. అందుకే నాకు రెండోదే మేలు.

ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు ఈ బృందాన్ని దెబ్బతీసింది, టెక్సాస్ చట్టం ఇంకా ఎక్కువ దెబ్బతీసింది. 1969లో ఒక్క గంజాయి సిగరెట్ కేసులో రాకీ పట్టుబడ్డాడు. మతిస్థిమితం లేదన్న వాదనతో జైలు తప్పింది గానీ, 1972 దాకా రస్క్ మానసిక వైద్యశాలలో ఉండాల్సి వచ్చింది. అంత చిన్న నేరానికి అంత శిక్షా! ఆ కథ కదిలిస్తుంది. కానీ జాలితో వినాల్సిన సంగీతం కాదిది.

మూడోది ‘బుల్ ఆఫ్ ద వుడ్స్’ ఎక్కువగా సదర్లాండ్ పనే. గిటార్ ఇష్టమైనవాళ్లు తర్వాత వినొచ్చు. 1968 నాటి ‘లైవ్’ ఆల్బమ్ జోలికి మాత్రం పోకండి, స్టూడియో పాటలకు చప్పట్లు అతికించి అమ్మిన సరుకది.