వంటింటి దారిలో జపనీస్: చాలాకాలం వాడాక చెబుతున్న సమీక్ష

ముందే తేల్చి చెబుతాను. తిండి, బజారు మాటల చుట్టూ జపనీస్ నేర్చుకునే పద్ధతి తెలుగువాళ్లకు బాగా కలిసొస్తుంది. వినికిడి, క్రియారూపాలు, విభక్తులు ఈ దారిలో చాలా తొందరగా వంటబడతాయి. కంజి అక్షరాలు (చైనా నుంచి వచ్చిన లిపి) మాత్రం రావు, వాటికి వేరే కష్టం పడాల్సిందే. ఇంకో షరతు కూడా ఉంది. షాపువాళ్లు మనతో మాట్లాడే జపనీస్ వేరు, మనం వాళ్లతో మాట్లాడాల్సింది వేరు. ఈ రెంటినీ మొదటి వారం నుంచే విడదీసి నేర్చుకోవాలి. అలా విడదీయనివాళ్లు నెలల తరబడి చదివినా కౌంటర్ ముందు నోరు తెరవలేరు.

నేను వాడే ఏర్పాటు ఇది. వెన్నెముకగా జపాన్ ఫౌండేషన్ ఉచితంగా ఇచ్చే ‘ఇరొదొరి’ పాఠాలు. స్టార్టర్, ఎలిమెంటరీ 1, ఎలిమెంటరీ 2 అని మూడు మెట్లు, ఒక్కో మెట్టుకు 18 పాఠాలు. పీడీఎఫ్, ఆడియో రెండూ దింపుకోవచ్చు. మొదటిది ఏ1 (ఆరంభ) స్థాయి, తర్వాతి రెండూ దానిపై మెట్టైన ఏ2. వీటితోపాటు జపనీస్ మాట్లాడే భాగస్వామితో వారానికి రెండుసార్లు అరగంట సంభాషణ, రెండు రోజులకోసారి జపనీస్‌లో రాసిన వంట విధానం చూసి ఒక వంటకం. ఈ మూడింటిలో ఏది తీసేసినా మిగతావి కుంటుతాయి.

మొదట ఉచ్చారణ సంగతి. రోమన్ లిపిలో చదవడం మొదలుపెడితే మనవాళ్లు ‘ఇటడాకిమాసు’ (తినే ముందు అనే మాట) అంటారు. అక్కడ ఉన్నవి త, ద. చివరి ‘సు’లో ఉకారం దాదాపు వినపడదు, కాబట్టి ‘ఇతదకిమస్’. హిరగన (జపనీస్ అక్షరమాల) వచ్చేవరకు నోట్సు తెలుగు లిపిలోనే రాసుకోండి. ఎ-ఏ, ఒ-ఓ తేడా మన లిపిలో సహజంగానే ఉంది, మామూలు హిందీ రాతకు ఆ సౌకర్యం లేదు. ‘బిరు’ అంటే భవనం, ‘బీరు’ అంటే తాగేది. మనకు ఇందులో ఇబ్బందే లేదు. ‘త్సు’ పలకడం ఇంగ్లిష్‌వాళ్లకు కష్టం. మనకు ‘చాప’, ‘చాలు’లో పలికే దంత్య చకారం నోట్లోనే ఉంది. అలాగే వాళ్ల ‘న్’ అక్షరం మన సున్నలాగే నడుస్తుంది. పక్కన ప, బ వస్తే ‘మ్’ అయిపోతుంది, అందుకే అది ‘తెంపుర’. ఒక్క చోట జాగ్రత్త పడాలి. ఈ ‘న్’ తర్వాత అచ్చు వస్తే కలిపేయకూడదు. షాపులో పనిచేసే మనిషి ‘తెన్-ఇన్’, ‘తెనిన్’ కాదు.

ఈ పద్ధతికి అసలు బలం ‘తె’తో ముగిసే క్రియారూపంలో ఉంది. తరగతి గదిలో అందరినీ ఏడిపించే పాఠం ఇదే, వంటింట్లో మాత్రం చేతికి అందినంత సులువు. ‘ఉల్లిపాయ కోసి, నూనెలో వేయించి, నీళ్లు పోసి, మూత పెట్టి, ఉడికించాలి’ అనే వాక్యాన్నే తీసుకోండి. జపనీస్‌లో ‘తమనెగి ఒ కిత్తె, అబుర దె ఇతమెతె, మిజు ఒ ఇరెతె, ఫుత ఒ షితె, నిమస్’. కోసి, వేయించి, పోసి అని మన క్త్వార్థకం నడిచిన వరుసలోనే అది కూడా నడుస్తుంది. ఇక్కడితో ఆగదు. ‘తిని చూడు’ని వాళ్లు ‘తబెతె మిరు’ అంటారు, మిరు అంటే చూడటమే. ‘కోసి పెట్టుకో’ అంటే ‘కిత్తె ఒకు’. ‘తినేశాను’ అంటే ‘తబెతె షిమత్త’. ఇంగ్లిష్ వివరణలో పేజీలకు పేజీలు పట్టే ఈ మూడూ తెలుగులో ఆలోచిస్తే ఒక్క పూటలో అయిపోతాయి. అందుకే తెలుగువాళ్లు ఇంగ్లిష్ మీదుగా జపనీస్ నేర్చుకోవడం చుట్టు దారి అని నా గట్టి నమ్మకం.

కానీ తెలుగు తోడు వచ్చినట్టే తెలుగు తప్పుదోవ పట్టించే చోట్లూ ఉన్నాయి. అవి ముందే తెలిసి ఉంటే చాలా శ్రమ తగ్గుతుంది. మనకు గిన్నెలో వేసినా, గిన్నెలో ఉడికించినా ‘లో’నే. వాళ్లకు వేయడమైతే ‘నబె ని ఇరెరు’, ఉడికించడమైతే ‘నబె దె నిరు’. వస్తువు వెళ్లి చేరే చోటుకు ‘ని’, పని జరిగే చోటుకు, పనికి వాడే సాధనానికి ‘దె’. స్టవ్ దగ్గర నిలబడి ప్రతి అడుగూ పైకి చెప్పుకుంటూ వండితే ఈ తేడా చేతుల్లోంచి ఎక్కుతుంది, పట్టిక బట్టీపడితే ఎక్కదు. రెండోది ఇష్టం గురించి. ‘నాకు సుషి ఇష్టం’ కదా అని ‘వతషి ని’ అనేస్తారు. సరైనది ‘వతషి వ సుషి గ సుకి దెస్’.

మూడోది శాకాహారులను నిజంగా దెబ్బతీసే తప్పు. ‘ఇందులో చేప ఉందా?’ అని అడగబోయి ‘సకన గ అరిమస్ క’ అంటారు. దానర్థం ‘మీ దగ్గర చేప ఉందా?’ అని. షాపు మనిషి సంతోషంగా ‘ఉందండీ’ అని చేపల పేజీ తీసి చూపిస్తాడు. అడగాల్సింది ‘సకన గ హైత్తె ఇమస్ క’. లోపల కలిసి ఉందా అని అర్థం.

ఈ ప్రశ్న ఎందుకంత ముఖ్యమంటే, జపాన్‌లో చాలా వంటలకు మూలం ‘దషి’ అనే రసం, దాన్ని ఎక్కువగా ఎండబెట్టిన కత్సుఒ చేపతో తీస్తారు. కూరగాయల ఉడోన్ (గోధుమ నూడుల్స్), టోఫు, మిసొ (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్, ఏదైనా సరే, పైకి ముక్క కనపడకపోయినా చేప ఉండొచ్చు. ‘బెజితరియన్ దెస్’ అని ఊరుకుంటే ముక్కలు తీసేసి అదే రసం పోసి ఇస్తారు, వాళ్ల దృష్టిలో అది తప్పు కాదు. ‘నికు మొ సకన మొ తబెమసెన్’ (మాంసం, చేప రెండూ తినను) అని ముందు చెప్పి, తర్వాత ‘దషి వ నన్ నొ దషి దెస్ క’ (దషి దేనితో తీసింది) అని అడగండి. జవాబులో ‘కత్సుఒ’ వినిపిస్తే చేప, ‘కొంబు’ ఒక్కటే వినిపిస్తే సముద్రపు నాచు. ప్యాకెట్ల మీద తప్పనిసరిగా చూపాల్సిన అలర్జీ పదార్థాలు గుడ్డు, పాలు, గోధుమ, సొబ (బక్‌వీట్), వేరుశనగ, రొయ్య, పీత, అక్రోటు లాంటివి. చేప ఈ జాబితాలో లేదు. కాబట్టి ఆ చిన్న పెట్టె చూసి నిశ్చింతగా ఉండకూడదు, పదార్థాల వరుస మొత్తం చదవాలి. ఆ వరుసలో బరువు ఎక్కువున్నది ముందు వస్తుంది, ఏటవాలు గీత (/) ఉంటే దాని తర్వాత వచ్చేవి ఆహార సంకలితాలు. చదవడం సాధన చేయడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు, ఎందుకంటే తప్పు చదివితే ఫలితం కంచంలోనే తెలుస్తుంది.

ఇంట్లో చేసుకునే మొదటి వంటకంగా కొంబు దషితో మిసొ సూప్ పెట్టుకోండి. ఇద్దరికి 400 మి.లీ. నీళ్లు, 4-5 గ్రాముల కొంబు. అరగంట నానబెట్టి, సన్న మంట మీద పెట్టి, మరిగేలోపు కొంబు తీసేయాలి. మరిగిస్తే జిగురు, వాసన దిగుతాయి. టోఫు వేసి వేడెక్కాక ‘హి ఒ తొమెతె, మిసొ ఒ తొకషిమస్’, అంటే మంట ఆపి మిసొ కరిగించాలి, రెండు ‘ఓసజి’లకు (పెద్ద చెంచాలకు) కాస్త తక్కువ. మిసొ వేశాక మరిగిస్తే పరిమళం పోతుంది. ఓసజి 15 మి.లీ., కొసజి (చిన్న చెంచా) 5 మి.లీ. కప్పు అంటే 200 మి.లీ., కానీ బియ్యం కొలిచే ‘గో’ 180 మి.లీ. ఈ రెండూ కలిపేసుకుని అన్నం ముద్ద చేసుకునేవాళ్లు ఎక్కువ. మసాలాలు వేసే వరుసకు వాళ్లకొక గుర్తుంది, ‘స షి సు సె సొ’. సతో చక్కెర, షిఒ ఉప్పు, సు వెనిగర్, సెఉయు (సోయా సాస్‌ పేరుకు పాత రాత), మిసొ. హిరగనలో ‘స’ వరుస, వంట వరుస రెండూ ఒకేసారి వచ్చేస్తాయి.

వస్తువును బట్టి మారే లెక్క పదాలు చాలామందిని భయపెడతాయి. గిన్నెలు, గ్లాసులైతే ఇప్పై, నిహై, సంబై (ఒకటి, రెండు, మూడు). సీసాలైతే ఇప్పొన్, నిహొన్, సంబొన్. ఆర్డర్ ఇవ్వడానికి మాత్రం హితొత్సు, ఫుతత్సు, మిత్త్సు చాలు. వాక్యం ‘కోహీ ఒ ఫుతత్సు కుదసై’ (కాఫీ రెండు ఇవ్వండి). మన హోటల్లో ‘ఇడ్లీ ఒకటి, దోసె రెండు ఇవ్వండి’ అన్నప్పటి వరుసే ఇది. మనుషుల లెక్క మాత్రం బట్టీ పట్టాలి. హితొరి, ఫుతరి, సన్నిన్, యొనిన్. నలుగురికి ‘యొన్నిన్’ అనడం మామూలుగా జరిగే పొరపాటు.

ఇక సంభాషణ. ఇక్కడే ఈ పద్ధతిని చాలామంది పాడుచేసుకుంటారు. భాగస్వామితో కూర్చుని ‘మీకేం ఇష్టం, నాకిది ఇష్టం’ అంటూ కాలక్షేపం చేస్తే పదో సెషన్‌కి కూడా అక్కడే ఉంటారు. అసలైన మెనూ ఒకటి తెరిచి, అవతలివారిని షాపు మనిషిగా ఉండమనండి, వేగం తగ్గించవద్దని చెప్పండి. కొంబినిలో (రోజంతా తెరిచి ఉండే చిన్న దుకాణంలో) ఎక్కువగా వినపడేవి నాలుగు ప్రశ్నలు. ‘ఒబెంతో అతతమెమస్ క’ (వేడి చేయాలా), ‘ఒహషి వ ఒత్సుకె షిమస్ క’ (తినే పుల్లలు పెట్టాలా), ‘ఫుకురొ వ గొరియో దెస్ క’ (సంచి కావాలా), పాయింట్ కార్డు ఉందా. సంచి ప్రశ్న 2020 జూలైలో ప్లాస్టిక్ సంచులకు డబ్బు తీసుకోవడం మొదలయ్యాక తప్పనిసరిగా వినాల్సిందైంది. వీటికి తోడు ఇక్కడే తింటారా, పట్టుకెళ్తారా అన్న ప్రశ్న కూడా వస్తే అది ఉత్త మర్యాద కాదు. 2019 అక్టోబర్ నుంచి అక్కడే తింటే పన్ను 10 శాతం, పట్టుకెళ్తే 8. వాక్యం మొత్తం పట్టుకోవాలని చూడకండి. ‘అతతమె’, ‘హషి’, ‘ఫుకురొ’, ‘పొఇంతొ’ అనే మాట ఒక్కటి పట్టుకుంటే చాలు. కావాలంటే ‘హై, ఒనెగై షిమస్’, అక్కర్లేదంటే ‘దైజోబు దెస్’. రెండోదాన్ని చెయ్యి అడ్డంగా ఊపుతూ చెప్పండి, లేకపోతే అది ‘సరే’ అని కూడా అర్థమయ్యే మాట.

షాపు మనిషి వాడే ఆ గౌరవ రూపాలను మనం తిరిగి అనకూడదు. ‘ఒమెషిఅగరి దెస్ క’ (ఆరగిస్తారా) అని అడిగారు కదా అని ‘హై, ఒమెషిఅగరి దెస్’ అంటే మనల్ని మనమే గౌరవించుకున్నట్టు. మనవైపు నుంచి మామూలు దెస్-మస్ చాలు. నోట్సులో ఎడమ పేజీ వినేవాటికి, కుడి పేజీ అనేవాటికి పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

సెషన్ సగం గడిచాక భాగస్వామిని దారి తప్పించమనండి. అడిగింది అయిపోయిందని ‘ఉరికిరె దెస్’ అనాలి, సొబ నూడుల్స్ వేడివా చల్లవా అని అడగాలి. అర్థం కాకపోతే ‘మో ఇచిదొ ఒనెగై షిమస్’ (ఇంకోసారి చెప్పండి). ఇంకొకటి, జపనీస్ భాగస్వాములు మర్యాదకు తప్పులు దిద్దరు, ‘నిహొంగొ జోజు దెస్ నె’ (మీ జపనీస్ బాగుందే) అని మెచ్చుకుంటారు. ‘మచిగై ఒ నఒషితె కుదసై’ (తప్పులు దిద్దండి) అని ముందే కోరి, చివరి ఐదు నిమిషాలు తప్పులను రాసి పంపేలా ఒప్పందం చేసుకోవాలి. ఆ ఐదు నిమిషాలు లేని సెషన్‌కు డబ్బు కట్టొద్దు.

వద్దనడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. ‘మజుఇ’ (బాలేదు) అని మొహం మీద అనకూడదు. ‘నత్తో వ చొత్తొ…’ (నత్తో అంటే పులియబెట్టిన సోయా గింజలు) అని సాగదీసి వదిలేయాలి. మన ఇళ్లలో ‘నాకంతగా అలవాటు లేదండీ…’ అని నసిగినట్టే అవతలివారు అందుకుంటారు. మారు వడ్డిస్తానంటే ‘మో ఒనక ఇప్పై దెస్’ (కడుపు నిండిపోయింది) సరిపోతుంది. వాళ్లు మన వైపు చేసినట్టు మూడుసార్లు బలవంతం చేయరు కాబట్టి, నిజంగా కావాలంటే మొదటిసారే అవుననండి. పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చకూడదు. అది చనిపోయినవారికి పెట్టే అన్నం తీరు. పిండం పెట్టే ఆచారం తెలిసిన మనకు ఇది ఒక్కసారి చెబితే చాలు.

లోపాలు. టికెట్ యంత్రాల ముందు ఈ పద్ధతి ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. చాలా రామెన్ దుకాణాల్లో ముందు డబ్బు వేసి తర్వాత బటన్ నొక్కాలి, బటన్ మీద ఉండేది కంజి. మాట వచ్చినా ప్రయోజనం లేదు. నికు (మాంసం), సకన (చేప), గ్యూ (ఆవు), బుత (పంది), తొరి (కోడి), తమగొ (గుడ్డు) అనే మాటల కంజి రూపాలు చిహ్నాలుగానైనా మొదటి నెలలోనే గుర్తుపట్టడం నేర్చుకోండి. తిండి బయట పదసంపద కూడా పలచగా ఉంటుంది. బ్యాంకు, ఆసుపత్రి, ఆఫీసు మాటలు ‘ఇరొదొరి’ ఎలిమెంటరీ మెట్లలో కొంతవరకు వస్తాయి, అవి దాటేయకండి.

జపనీస్ సామర్థ్య పరీక్షల (జేఎల్‌పీటీ, జేఎఫ్‌టీ బేసిక్) కోసమైతే లెక్క వేరు. జేఎల్‌పీటీలోనూ, జేఎఫ్‌టీ బేసిక్‌లోనూ మాట్లాడే భాగం లేదు. జేఎల్‌పీటీలో ఎన్4 మెట్టుకి 180కి 90 రావాలి, జేఎఫ్‌టీ బేసిక్‌కి 250కి 200. స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకి (నైపుణ్యం ఉన్న పనివాళ్లకు జపాన్ ఇచ్చేది) ఈ రెంటిలో ఒకటి అడుగుతారు. అలా వెళ్లాలనుకునే తెలంగాణ, ఆంధ్ర పిల్లలకు నా సలహా, పరీక్షకు మూడు నెలల ముందు వంట తగ్గించి కంజి, పాత నమూనా ప్రశ్నలు పెంచండి. హోటల్ పనికే వెళ్తున్నవాళ్లు పైన చెప్పిన ఎడమ పేజీని కుడి పేజీకి మార్చుకోవాలి. కౌంటర్ అవతల నిలబడితే ఆ గౌరవ రూపాలన్నీ మీ నోటి నుంచే రావాలి కదా.