పెట్టె రాట్నమా, కరెంటు రాట్నమా?

నూలు వడకడానికి ఏది కొనాలి: పెట్టెలో మడిచిపెట్టుకుని చేత్తో తిప్పే రాట్నమా, మోటారుతో తిరిగే కరెంటు రాట్నమా?

ఖర్చు: పెట్టె రాట్నం చవక. చిన్న కరెంటు రాట్నం విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం అదనం.

శ్రమ: పెట్టె రాట్నం తిప్పడానికే ఒక చెయ్యి పోతుంది. మోటారుదైతే రెండు చేతులూ ఏకు (వడకడానికి చుట్టిన దూది) మీదే.

దారం తెగడం: అసలు తేడా ఇక్కడే. పెట్టె రాట్నంలోని కదురు, అంటే గిర్రున తిరిగే మొనదేలిన పుల్ల, దారాన్ని లాగదు. మొన దగ్గర పురి ఎక్కుతుంది, చుట్టేది మనమే. పొట్టి పీచు పత్తికి అదే హాయి. కరెంటు రాట్నంలో బాబిన్ (దారం చుట్టుకునే కండె) దారాన్ని తనే లాక్కుంటుంది. ఉన్ని తట్టుకుంటుంది, సన్న పత్తి నూలు పుటుక్కున తెగుతుంది. అందుకే దాని లాగుడును అదుపు చేసే బ్రేక్ దారానికి మెత్తటి రబ్బరు బ్యాండు కట్టి, టెన్షన్ (బిగువు) దాదాపు సున్నా నుంచి కొంచెం కొంచెంగా పెంచాలి.

ఖద్దరే నేయించాలనుకుంటే పెట్టె రాట్నమే. ఖద్దరు అంటే ఏమిటో చెప్పే 1956 ఖాదీ, గ్రామ పరిశ్రమల కమిషన్ చట్టం చేతితో వడికిన నూలునే ఒప్పుకుంటుంది. పొందూరు సన్ననూలు వడికేదీ కదురు మీదే. భుజం నొప్పి ఉన్నవాళ్లకు, స్వెటర్లు అల్లేవాళ్లకు మోటారుదే మేలు.