విపశ్యనా, హార్ట్‌ఫుల్‌నెస్సా? ఆన్‌లైన్‌లో ధ్యానం వెతుక్కునేవాళ్ళకి

ఈ రెండు ధ్యాన పద్ధతులకీ ఫీజు లేదు, రెండూ ప్రపంచమంతా పాకాయి, కానీ ఆన్‌లైన్ విషయంలో మాత్రం దారులు పూర్తిగా వేరు.

హార్ట్‌ఫుల్‌నెస్ హెడ్‌క్వార్టర్స్ మన హైదరాబాద్ దగ్గర కన్హా శాంతివనంలోనే ఉంది, లక్షమంది ఒకేసారి కూర్చునేంత ధ్యాన మందిరం. అయినా అక్కడిదాకా వెళ్ళక్కర్లేదు, యాప్ వేసుకుంటే ట్రైనర్ ఎక్కడో ఉండి మీతోపాటే కళ్ళు మూసుకుని కూర్చుంటారు, డల్లాస్‌లో ఉన్నవాళ్ళకైనా డోన్‌లో ఉన్నవాళ్ళకైనా అదే పద్ధతి. గుండెలో వెలుగుందని భావించడంతో మొదలు.

విపశ్యనలో అప్లికేషన్ వరకే ఆన్‌లైన్. ఆ తర్వాత 10 రోజులు సెంటర్‌లోనే, ఫోన్ ఇచ్చేయాలి, మాటల్లేవు, తెల్లారి 4కే గంట, రోజుకి దాదాపు 10 గంటలు కూర్చోవడమే. ఈ కోర్సుల్ని ప్రపంచమంతా తీసుకెళ్ళిన గురువు గోయెంకా గారు 2013లో పోయారు కానీ ఇప్పటికీ నేర్పేది ఆయన గొంతే, రికార్డింగ్‌లో. మరి రికార్డింగే కదా, ఇంట్లో వింటే పోలా అంటారు చాలామంది, పోదండీ, మూడో రోజు మోకాళ్ళు మండిపోయి పారిపోవాలనిపించినప్పుడు వెళ్ళి అడగడానికి ఒక ఆచార్యులు, చుట్టూ అదే బాధ పడుతూ కదలకుండా కూర్చున్న మనుషులు కావాలి, అది ఫోన్ ఇవ్వలేదు.

చంటిపిల్లలున్నా, సెలవు దొరక్కపోయినా హార్ట్‌ఫుల్‌నెస్సే మేలు. సెలవు దొరికితే నేనైతే విపశ్యనకే వెళ్ళమంటాను. మానసిక సమస్యకి మందులు వాడుతుంటే మాత్రం విపశ్యన అప్లికేషన్ ఫామ్‌లో దాచకుండా రాయండి, ముందు మీ డాక్టర్‌ని అడగండి.